ఎనభై నాలుగును నమ్మని మిస్

మిస్ జ్ఞాపకార్థ కూటంలో మాట్లాడినవాళ్ళందరూ మంచి మాటలే చెప్పారు. పాస్టరుగారు ఆవిడ ప్రార్థన గురించి చెప్పారు. స్కూలు తరఫున వచ్చిన ఒకాయన ఆవిడ క్రమశిక్షణ గురించి చెప్తూ చెప్తూ, చిన్నప్పుడు తిన్న దెబ్బ గుర్తొచ్చిందేమో, అరచేయి తిప్పి చూసుకున్నాడు. స్త్రీల సమాజం వాళ్ళు ఆవిడ పెట్టే ఎండురొయ్యల పచ్చడిని తలచుకుని కళ్ళు తుడుచుకున్నారు. అయితే చివరి కొన్నేళ్ళు ఆవిడ పొద్దున లేచింది మొదలు దేని వెంట పడ్డారో, ఆ సంగతి ఒక్కరూ ఎత్తలేదు. తెలియక కాదు, ఎలా చెప్పాలో తెలియక.

నన్ను కూడా పిలిచారు. నేను మైకు పట్టుకుని, "కోడ్ కవరేజీ అంటే ఏమిటంటే" అని మొదలుపెట్టాను. ముందు వరసలో కూర్చున్న పెద్దవాళ్ళు కళ్ళు మూసుకున్నారు. ప్రార్థిస్తున్నారనుకుని ఇంకాస్త వివరంగా చెప్పాను. ఇంతలో వెనక వంటవాళ్ళు బిర్యానీ గిన్నె మూత తీశారు. సంఘపెద్ద ఒకాయన లేచి వచ్చి నా భుజం మీద చెయ్యి వేసి, "బాబూ, ఆ సంగతి దేవుడికి తెలుసులే" అన్నాడు. మైకు ఇచ్చేశాను. అక్కడ చెప్పనివ్వనిది ఇక్కడ రాస్తున్నాను. ఇక్కడ బిర్యానీ లేదు కాబట్టి చివరిదాకా వింటారని ఆశ.

మా ఆఫీసు పోర్ట్‌బ్లెయిర్‌లో, మిడిల్ పాయింట్ అనే చోట, ఒక బట్టల దుకాణం పైన. ఇక్కడినుంచి హేవ్‌లాక్ దీవికి తిరిగే ఒక ప్రైవేటు కంపెనీ బోట్లకు టికెట్ల సాఫ్ట్‌వేర్ మేమే చేస్తాం. కంపెనీ హెడ్డాఫీసు విశాఖపట్నంలో ఉంది. మా ఓనరు భాస్కర్ భయ్యా ఒకప్పుడు స్కూల్లో మిస్ దగ్గర కంప్యూటర్ పాఠం చదువుకున్నవాడు. నేను తప్ప ఆఫీసులో మిగతా అందరూ అంతే. అందుకని ఆవిడకు మా దగ్గర పేరు లేదు, హోదా లేదు, మిస్ అంతే. రిటైరయ్యాక భయ్యా ఆవిడను పిలిచాడా, ఆవిడే వచ్చి కూర్చున్నారా అన్నది ఎప్పటికీ తేలలేదు. వచ్చిన రోజున మాత్రం ఒక పని చేశారు. అందరి కుర్చీలూ గోడవైపు ఉంటే, తన కుర్చీని మాత్రం మా వైపు తిప్పుకున్నారు.

నేను ఆవిడ దగ్గర చదువుకోలేదు. నిజానికి కంప్యూటర్ల గురించి నేను ఎవరి దగ్గరా చదువుకోలేదు. డైరీ ఫార్మ్ అనే పేటలో మా ఇంటినుంచి లైబ్రరీకి నడిచి వెళ్ళి, అక్కడున్న కంప్యూటర్ పుస్తకాల అర మొత్తం చదివాను. ఆ పుస్తకాలు ఓడెక్కి మా దాకా వచ్చేసరికి వాటిలో చెప్పినవి సగం మారిపోయి ఉండేవి. అయినా వదలలేదు. పాతబడిపోయిన సంగతులు తెలిసి ఉండడం కూడా చదువే కదా. ఇంటర్వ్యూలో ఆ అర గురించి చెప్తుంటే భాస్కర్ భయ్యా ఆవలించాడు. మిస్ మాత్రం ఏ పుస్తకం ముందు, ఏది తర్వాత, అర్థం కానిచోట ఏం చేశావు అని అడిగారు. అర్థం కానిచోట మళ్ళీ మొదటినుంచి చదివానని చెప్పాను. "వీణ్ణి తీసుకో" అన్నారు భయ్యాతో. ఆ రోజునుంచి ఆఫీసులో నా పేరు లైబ్రరీ.

ఇప్పుడు చర్చిలో చెప్పలేకపోయిన సంగతి చెప్తాను. మాలో ఎవరు ప్రోగ్రాములో చిన్న మార్పు చేసినా, కిటికీ పక్కన ప్లాస్టిక్ గుడ్డ కప్పుకుని ఉండే ఒక మెషీన్ దాన్ని తనంతట తానే తీసుకుంటుంది. మొత్తం ప్రోగ్రామును కూర్చి, మేం ముందుగా రాసిపెట్టిన పరీక్షలన్నీ దానిమీద నడుపుతుంది. అన్నిట్లో నెగ్గితే దాన్ని బయటికి, అంటే టికెట్ కౌంటర్లకూ జనం ఫోన్లకూ పంపిస్తుంది. ఈ వరసను పైప్‌లైన్ అంటారు. దారిలో ఒక రిపోర్టు కూడా తయారుచేస్తుంది. ప్రోగ్రాములో ఉన్న లైన్లలో నూటికి ఎన్నిటిని మన పరీక్షలు తాకాయో అందులో ఉంటుంది. తాకిన లైన్లు పచ్చగా, తాకనివి ఎర్రగా కనిపిస్తాయి. అదే కవరేజీ. ఎనభైకి తగ్గితే ఏదీ బయటికి పంపకూడదని హెడ్డాఫీసు వాళ్ళు రూలు పెట్టారు. ఆ రూలును మెషీన్‌కి కూడా చెప్పి ఉంచాం.

మా దగ్గర కొత్తగా చేరిన అమ్మాయికి మిస్ దీన్ని నాకంటే బాగా చెప్పారు. "గది ఊడ్చావనుకో. చీపురు ఎక్కడెక్కడ తగిలిందో ఈ రిపోర్టు చెప్తాది, బస్. దుమ్ము పోయిందా లేదా అన్నది దానికి అనవసరం. కానీ చీపురే తగలని మూల ఒకటుందనుకో, అక్కడ జెర్రి పడుకున్నా నీకు తెలీదు." మా దీవుల్లో జెర్రి అంటే ఎంత పొడుగుంటుందో తెలిసిన పిల్ల కాబట్టి ఆ అమ్మాయి కాళ్ళు పైకి పెట్టుకుని మరీ వింది.

మెషీన్‌ని ఆవిడ 'వాడు' అనేవారు. పొద్దున రాగానే గొడుగు తలుపుకి తగిలించి, వాడు ఏటంటున్నాడు అని అడిగేవారు. ఎర్రగా ఉందని చెప్తే కంగారు పడేవారు కాదు, పోన్లే నిజం చెప్పాడు అనేవారు. పచ్చగా ఉందంటేనే కళ్ళజోడు పెట్టుకునేవారు. క్లాసు మొత్తం పాసైతే టీచరుకి నిద్ర పట్టకూడదని ఆవిడ నమ్మకం.

ఇంకొకరి కీబోర్డు మీద ఆవిడ ఎప్పుడూ చెయ్యి వేయలేదు. వెనక నిలబడి రెండు చేతులూ వీపు వెనక్కి కట్టుకునేవారు. నీ కీబోర్డు, నీ తప్పు, నువ్వే దిద్దు అనేది ఆవిడ లెక్క. బిల్డ్, అంటే మెషీన్ ప్రోగ్రామును కూర్చే పని, ఆగిపోయిందని ఎవరైనా పరిగెత్తుకొస్తే ముందు నీళ్ళు తాగి రమ్మనేవారు. తాగి వచ్చాక నిలబెట్టి లాగ్ చదివించేవారు. లాగ్ అంటే మెషీన్ తను చేసిన ప్రతి పనినీ చేసిన వరసలో రాసుకుంటూ పోయే చిట్టా. దాన్ని అందరూ కిందనుంచి చూస్తారు, ఎర్ర అక్షరాలు ఎక్కడున్నాయో అక్కడికే పోతారు. మిస్ దగ్గర ఆ ఆటలు సాగవు. మొదటి లైనునుంచి, గట్టిగా, ఆగాల్సిన చోట ఆగుతూ చదవాలి. చర్చిలో ఆదివారం వాక్యం చదివేది ఆవిడే కాబట్టి, చదివేటప్పుడు ఎలా నిలబడాలో కూడా సరిచేసేవారు. మేం అలా చదువుతుంటే కింద బట్టల దుకాణానికి వచ్చినవాళ్ళు పైన ప్రార్థన జరుగుతోందనుకుని గొంతు తగ్గించి బేరమాడేవారు. టీ తెచ్చే భయ్యా గుమ్మంలోనే కెటిల్ పట్టుకుని నిలబడిపోయేవాడు. ఒకసారి చాలా పొడుగు లాగ్ ఒకటి పూర్తయ్యాక ఆవిడ తెలియకుండానే "ఆమేన్" అన్నారు. టీ భయ్యా కూడా అన్నాడు.

నేను పుస్తకాల్లో చదివింది చెప్పబోతే ఆవిడ శ్రద్ధగానే వినేవారు. ఒకసారి, పరీక్షలు విడివిడిగా ఒకేసారి నడిస్తే వాటి రిపోర్టులు ఒకదాని మీద ఇంకొకటి రాసుకుని చెరిగిపోతాయని చెప్పాను.

"ఎక్కడ చదివావు?"

"లైబ్రరీలో, మిస్."

"ఆ రాసినాయన మన వాణ్ణి చూశాడా?"

"లేదు మిస్."

"అయితే నువ్వెళ్ళి చూడు."

నాకు కోపం రాలేదు. నిజం చెప్పాలంటే కొంచెం వచ్చింది. కానీ వెళ్ళి చూశాను.

ఇక అసలు సంగతి. రెండేళ్ళ కిందట, వానలు మొదలయ్యే ముందు, విశాఖపట్నం హెడ్డాఫీసు నుంచి ఒకాయన వస్తున్నాడని కబురు వచ్చింది. మా పని చూసి, ఒప్పందం మాతోనే ఉంచాలా, విశాఖలోనే ఉన్న ఇంకో కంపెనీకి ఇవ్వాలా అన్నది తేల్చేది ఆయనే. కవరేజీ ఎనభై దాటి ఉండడం మొదటి షరతు. భాస్కర్ భయ్యా ధైర్యంగా ఉన్నాడు. మాది ఎనభై నాలుగు. ఆ అంకెను పెద్ద అక్షరాల్లో ప్రింటు తీసి తలుపు అద్దానికి అంటించాడు కూడా. మెట్లెక్కి వచ్చిన కొరియర్ అబ్బాయి అది ఇంటి నంబరు అనుకుని, అడ్రసు తప్పని వెనక్కి వెళ్ళిపోయాడు.

ఒప్పందం పోతే భయ్యాకి నష్టమే కానీ, నష్టమంతా భయ్యాది కాదు. ఇక్కడ ఈ పని పోతే ఇంకో పని లేదు, మేమందరం విశాఖకో చెన్నైకో పోవాల్సిందే. మిస్ బాధ అదే. బాగా చదివిన ప్రతి పిల్లవాణ్ణీ, ప్రతి పిల్లనూ ఆవిడ ఓడ రోజుల్లో జెట్టీ దాకా, తర్వాత ఎయిర్‌పోర్టు దాకా వెళ్ళి దిగబెట్టి వచ్చారు. ఎవరూ తిరిగి రాలేదు. ఒకరోజు అన్నం తింటూ మా వైపు చూసి, "నా క్లాసులో హాజరు పలికేది ఇప్పుడు మీరే" అన్నారు. అని వెంటనే పచ్చడి ఎవరు ఎక్కువ వేసుకున్నారని దబాయించారు.

హెడ్డాఫీసు ఆయన వచ్చే వారంలో ఒక మధ్యాహ్నం మిస్ తలుపు అద్దం ముందు చాలాసేపు నిలబడ్డారు.

"భాస్కర్, ఇది ఎప్పట్నుంచి ఎనభై నాలుగు?"

"చాలా రోజుల్నుంచి మిస్. ఏక్‌దమ్ స్టెడీ."

"మనిషి జ్వరం కూడా పొద్దున ఒకలా, సాయంత్రం ఒకలా ఉంటాది. మీరు రోజూ ఏదో ఒకటి రాస్తున్నారు, చెరుపుతున్నారు. ఇది కదలదేటి?"

మిస్ నా వెనక్కి వచ్చి చేతులు కట్టుకుని నిలబడ్డారు. ప్రోగ్రాముకి ఒక నకలు తీసుకుని, అందులోంచి పరీక్షలు గుప్పెడు తీసేసి మెషీన్‌కి ఇవ్వమన్నారు. ఇచ్చాను. రిపోర్టు వచ్చింది, ఎనభై నాలుగు. ఇంకో గుప్పెడు తీయమన్నారు. ఎనభై నాలుగు. చివరికి నాకే మొండితనం వచ్చి పరీక్షలన్నీ తీసేశాను. ఒక్క పరీక్ష కూడా రాయకుండా మా ప్రోగ్రాము ఎనభై నాలుగు తెచ్చుకుంది.

"స్కూలుకి రాకుండానే ఫస్ట్ క్లాసు" అన్నారు మిస్. "నా సర్వీసులో ఇలాంటివాణ్ణి చూడలేదు."

నేను లైబ్రరీ చదువంతా బయటికి తీశాను. పరీక్షలు ఒక చోట నడుస్తుంటే లెక్క ఇంకో చోట జరుగుతోందేమో అన్నాను. ప్రోగ్రాము పక్కన పుట్టించుకునే పిల్ల ప్రక్రియల్లో నడిచిన లైన్లు లెక్కలోకి రావడంలేదేమో అన్నాను. అప్పుడు అంకె తగ్గాలి కానీ ఎందుకు నిలబడుతుంది అని మిస్ అడిగారు. నేను ఇంకో పుస్తకం పేరు ఎత్తబోయాను. "నీళ్ళు తాగి రా" అన్నారు.

తాగి వచ్చి నిలబడి చదివాను. లాగ్‌లో ఎక్కడా ఎరుపు లేదు, తప్పు లేదు, అంతా పచ్చ. మేం చదివేది ఆగిపోయిన లాగే, పచ్చగా ఉంటే మిస్ కూడా పరీక్షలే చూసేవారు, అందుకే అంతవరకూ ఎవరూ దాన్ని చదవలేదు. ఏ ఫైలు తెచ్చాడో, ఎక్కడ పెట్టాడో, ఏ పరీక్ష నెగ్గిందో చదువుతూ పోయాను. టీ భయ్యా వచ్చి, గుమ్మంలో నిలబడి, విసుగొచ్చి వెళ్ళిపోయాడు. నా గొంతు బొంగురుపోయింది. సగం పైగా అయ్యాక ఒక లైను వచ్చింది. కొత్త రిపోర్టు దొరకలేదు, దాచి ఉంచిన పాత రిపోర్టు వాడుతున్నాను అని దాని అర్థం. నేను చదివేసి తర్వాతి లైనుకి పోయాను.

"ఆగు. వెనక్కెళ్ళు" అన్నారు మిస్.

మళ్ళీ చదివాను. మెషీన్ కావాలని అబద్ధం చెప్పలేదు. పాత రిపోర్టు వాడుతున్నానని రోజూ ఒప్పుకుంటూనే ఉంది. మేమే వినలేదు.

ఏ లైను ఎవరు రాశారో కూడా ప్రోగ్రాము చరిత్రలో ఉంటుంది. ఈ తెలివైన పని ఎవరిదో తెలుసుకోవాలని భాస్కర్ భయ్యా ఉబలాటంగా నా పక్కకి కుర్చీ లాక్కున్నాడు. చరిత్ర తెరిచాను. మిస్ పేరు వచ్చింది. భయ్యా కుర్చీ మెల్లగా వెనక్కి జరుపుకున్నాడు. స్కూల్లో ఆవిడ చేత బెంచీ ఎక్కినవాడు, ఈ రోజు కోసం ఎన్నేళ్ళుగా ఎదురుచూశాడో తెలియదు. వచ్చాక మాత్రం కీబోర్డు మీద లేని దుమ్ము తుడిచాడు.

మిస్ కళ్ళజోడు తీసి కొంగుతో తుడుచుకున్నారు. "నేనే రాశాను. అప్పుడు బాగానే రాశాను" అన్నారు.

నిజమే. సముద్రం అడుగున కేబుల్ రాకముందు మాకు ఇంటర్నెట్ ఉపగ్రహం దయ మీద ఆధారపడి ఉండేది. మబ్బు పట్టినా పోయేది. రిపోర్టు చేసే పనిముట్టు మెయిన్‌లాండ్ నుంచి ఏదో ఒకటి దించుకోవాలి. నెట్ పోతే రిపోర్టు లేదు, రిపోర్టు లేకపోతే బిల్డ్ ఆగిపోతుంది. అందుకని మిస్ ఒక ఏర్పాటు చేశారు. కొత్త రిపోర్టు రాకపోతే చివరిసారి వచ్చినదాన్ని వాడుకో అని. మా దీవుల్లో పుట్టినవాళ్ళెవరికీ ఇది తప్పుగా తోచదు. ఓడ రాకపోతే ఇంట్లో దాచిన బంగాళదుంపలు వండుకుంటాం. దాచుకోకపోతేనే తప్పు. కేబుల్ వచ్చింది, నెట్ నిలబడింది, ఆ లైను సంగతి అందరూ మర్చిపోయారు. అంతకు ముందు ఏడాది కొత్త మెషీన్ కొన్నప్పుడు పనిముట్టు కూడా కొత్తది పెట్టాం. కొత్తది తన రిపోర్టును వేరే ఫోల్డరులో పెట్టడం మొదలుపెట్టింది. మా పైప్‌లైన్ మాత్రం పాత ఫోల్డరులోనే వెతికి, లేదనుకుని, దాచినదాన్ని తీస్తోంది.

"ఓడ వచ్చి జెట్టీలోనే ఉంది" అన్నారు మిస్. "వీడు ఇంకో జెట్టీ కాడ నిలబడి, రాలేదనుకుని, ఏడాదిగా అదే దుంపకూర వడ్డిస్తున్నాడు. మనం బాగుంది బాగుంది అని తింటున్నాం."

ఆ లైను తీసేశాం. ఫోల్డరు సరిచేశాం. మెషీన్ కాసేపు గుర్రుమని, అరవై ఒకటి అంది. ఎనభై లోపు కాబట్టి వెంటనే ఎర్రబడి, ఇక ఏదీ బయటికి పంపనని కూర్చుంది.

భాస్కర్ భయ్యా తలుపు మూసి వచ్చాడు. హెడ్డాఫీసు ఆయన రెండు రోజులుండి పోతాడు మిస్, ఆ లైను తిరిగి పెట్టేద్దాం, ఆయన విమానం ఎక్కగానే తీసేద్దాం అని బతిమాలాడు. ఆవిడ కోప్పడతారని అందరం తలలు వంచుకున్నాం.

"నాకూ పెట్టాలనే ఉందిరా" అన్నారు మిస్. "మీరంతా పోతే నేను ఎవరికి చెప్పుకోవాలి, ఆ ప్లాస్టిక్ గుడ్డకా?"

ఆ మాట తర్వాత ఆవిడ కిటికీ దగ్గరికి వెళ్ళి మెషీన్ మీద ప్లాస్టిక్ గుడ్డ సర్దారు. ఆ రోజు అన్నం డబ్బా తెరవలేదు. భయ్యా ఆశగా చూస్తున్నాడు. చివరికి ఆవిడ వెనక్కి తిరిగి, పెట్టేముందు ఆ ఎర్రగా ఉన్నది ఏమిటో చూద్దాం అన్నారు.

రిపోర్టు తెరిచి కిందికి జరుపుతూ పోయాను. టికెట్ కొనడం పచ్చ, సీటు ఎంచుకోవడం పచ్చ, బోటు బయలుదేరడం పచ్చ. ఎరుపులో ఎక్కువ భాగం ఒకే చోట ఉంది. సముద్రం బాగా లేక బోటు రద్దయితే నడవాల్సిన భాగం అది. ఆ ఏడాదే కొత్తగా రాశాం. దానికి ఒక్క పరీక్ష కూడా రాయలేదు. ఎందుకు రాయలేదని మిస్ అడిగారు. నడవడం రాకముందునుంచి బోట్లు రద్దవడం చూస్తున్నవాళ్ళం. బోటు లేదంటే సంచి భుజాన వేసుకుని ఇంటికి వచ్చేస్తాం. అందులో పరీక్షించడానికి ఏముందనిపించింది. మెయిన్‌లాండ్ వాళ్ళయితే భయపడి రాసేవారేమో.

"జెర్రి ఇక్కడే పడుకుంది" అన్నారు మిస్. "ఇది నేను దాచను భాస్కర్. మన మీద పడితే సర్దుకుంటాం. ఇది జనం మీద పడతాది." ఆ సాయంత్రం నుంచే ఆవిడ మా చేత రద్దు భాగం వెతికించారు. పరీక్ష రాయగానే నిజంగానే పెద్ద తప్పు దొరికింది. దిద్దాం. కానీ ఆ కొన్ని లైన్లతో అంకె అరవై ఒకటి దాటలేదు, అందుకని దిద్దుబాటు మెషీన్ దగ్గరే చిక్కుకుపోయింది, జనం ఫోన్లలో తప్పున్న పాతదే నడుస్తోంది.

హెడ్డాఫీసు ఆయన వచ్చాడు. ఇస్త్రీ చొక్కా, జేబు మీద దారంతో కుట్టిన కంపెనీ బోటు బొమ్మ. టీ కూడా రాకముందే మిస్ ఉన్నదున్నట్టు చెప్పేశారు, ఆ లైను రాసింది తనేనని కూడా. ఆయన మర్యాదస్తుడు. శ్రద్ధగా విన్నాడు. విని, "మేడమ్, మీ నిజాయితీకి సంతోషం. కానీ నా చేతిలో రూలు ఉంది. ఎనభై లోపు అంటే నేను రాయగలిగింది ఒకటే మాట" అన్నాడు. మర్నాడు పొద్దున తమ కంపెనీ బోటులోనే హేవ్‌లాక్ చూసి వచ్చి, సాయంత్రం రిపోర్టు పంపిస్తానన్నాడు.

మిస్ కిటికీలోంచి ఆకాశం చూసి, రేపు సముద్రం బాగుండదు సార్ అన్నారు. ఆయన ఫోన్ చూసుకుని, మన యాప్‌లో అంతా ఓకే అని ఉందండీ అన్నాడు.

పొద్దున జెట్టీకి ఆయన్ని దిగబెట్టడానికి మిస్, నేను వెళ్ళాం. ఎందుకైనా మంచిదని మిస్ నా చేత లాప్‌టాప్ కూడా తెప్పించారు. గాలి, వాన. బోటు కట్టిన తాళ్ళు కిర్రుమంటున్నాయి. కౌంటర్‌లో కుర్రాడు తల బయటపెట్టి ఇవాళ బోటు లేదని నోటితోనే చెప్పేశాడు. మా జనం ఎప్పటిలాగే సంచులు సర్దుకుని ఇంటిదారి పట్టబోయారు. అప్పుడు అందరి ఫోన్లూ ఒక్కసారి మోగాయి.

'మీ బోటు బయలుదేరింది. శుభప్రయాణం.'

బోటు ఎదురుగానే ఉంది. జనం దాన్నీ ఫోన్‌నీ మార్చి మార్చి చూశారు. కొంతమంది నవ్వారు. అంతలో రెండోది వచ్చింది.

'మీరు సమయానికి రానందున మీ టికెట్ రద్దయింది.'

చీకటితో లేచి వచ్చి వానలో నిలబడినవాళ్ళు. ఇప్పుడు ఎవరూ నవ్వలేదు. ఒక ముసలాయన ఫోన్ పైకెత్తి, "నేను రాలేదంట! మరి ఈ గొడుగు కింద తడుస్తున్నదెవడు?" అన్నాడు. కౌంటర్ కుర్రాడు కిటికీ మూసేశాడు. జనం కళ్ళు కంపెనీ మనిషి కోసం వెతికి, జేబు మీద బోటు బొమ్మ ఉన్న చొక్కా దగ్గర ఆగాయి. హిందీలో, తెలుగులో, బెంగాలీలో, తమిళంలో ఆయన్ని చుట్టుముట్టి అడగడం మొదలుపెట్టారు. ఆయన తన ఫోన్ చూపించి, "నేను కూడా రాలేదట అండీ" అన్నాడు. ఎవరూ కరగలేదు.

మిస్ ఒక సిమెంటు దిమ్మ ఎక్కి, "లైన్ మే ఖడే హో జావో" అన్నారు. అరవలేదు. క్లాసులో మాట్లాడే గొంతుతోనే అన్నారు. ఆ గుంపులో చాలామంది ఆవిడ స్కూల్లో చదివినవాళ్ళే కాబట్టి కాళ్ళు వాటంతటవే వరస కట్టాయి. చదవనివాళ్ళు వాళ్ళను చూసి కట్టారు. హెడ్డాఫీసు ఆయన కూడా వరసలో నిలబడ్డాడు. మిస్ దిమ్మ దిగి ఆయన్ని పక్కకి, నా దగ్గరికి తీసుకొచ్చారు.

"మేడమ్, ముందు ఆ మెసేజీలు ఆపించండి" అన్నాడు ఆయన.

"దిద్దినది మొన్ననే తయారుగా ఉంది సార్. వాడు పంపడంలేదు."

"ఎవరు?"

"మా మెషీన్. కవరేజీ ఎనభై లేకపోతే బయటికి ఏదీ పంపకూడదని రూలు కదా. మాది అరవై ఒకటి."

మెసేజీలు ఆపడానికి వేరే దారి కూడా ఉంది. నాకు తెలుసు, మిస్‌కి తెలుసు. మెసేజీలు పంపే సర్వీసునే కాసేపు ఆపేయవచ్చు. ఆ సంగతి చెబుదామని నేను నోరు తెరవబోయాను. మిస్ మడమ నా పాదం మీద దిగింది. నోరు మూసుకున్నాను.

"అయితే ఆ రూలు తీసేయండి" అన్నాడు ఆయన.

"రూలు తీసేస్తే ఎలాగ సార్? రూలు ఉండాలి. అరవైకి దించుతాను. పిల్లలు నెలనెలా కాస్త కాస్త పెంచుకుంటూ ఎనభైకి తెస్తారు. వానాకాలం అంతా మాకు వదిలేయండి. ఇక్కడి సముద్రానికి పరీక్షలు రాయాలంటే ఇక్కడే ఉండి రాయాలి కదా." అక్కడ ఆవిడ గొడుగును రెండు చేతులతో పట్టుకున్నారు. గాలి వల్లేనని ఆయన అనుకుని ఉంటాడు. "మీరు ఊఁ అనండి సార్. వీళ్ళంతా వింటున్నారు."

ఆయన వరస వైపు చూశాడు. వరస ఆయన వైపు చూసింది. అప్పుడు ఫోన్లన్నీ మూడోసారి మోగాయి.

'మీ ప్రయాణం ఎలా సాగింది? మాకు ఎన్ని నక్షత్రాలు ఇస్తారు?'

వరస చెదిరింది. ముసలాయన గొడుగు మూసి చేతికర్రలా పట్టుకున్నాడు.

"అరవైకి దించండి మేడమ్" అన్నాడు హెడ్డాఫీసు ఆయన గబగబా. "పని మీ దగ్గరే ఉంటుంది, నేను రాస్తాను. ముందు ఆ నక్షత్రాలు ఆపండి."

"లైబ్రరీ, దించు" అన్నారు మిస్. అప్పుడు నా పాదం మీదనుంచి మడమ తీశారు.